చూసినందుకు ఒక టిక్కు

ఆ రోజు పదకొండు గంటలలోపు నేను చేయాల్సిన పనులు ఇవి.

కమిటీ సభ్యులకు ఐదు ఫైళ్లు సర్దాలి. ప్రతి ఫైల్లో నాలుగో అంశం దగ్గర పసుపు చీటీ అంటించాలి. పేర్ల పలకలు హోదా వరసలో పెట్టాలి. అధ్యక్షుడి గారి కుర్చీని ఎండ పడని చోటికి జరపాలి. పోయిన సమావేశంలో ఎవరేమన్నారో రాసిన మినిట్స్ సంతకానికి సిద్ధంగా ఉంచాలి. ఈ రోజు సమావేశం మినిట్స్ కూడా, సమావేశం మొదలవకముందే, టైపు చేసి ఉంచాలి.

ఇంట్లోంచి బయలుదేరేలోపు నాన్న చేత రెండు ముద్దలు తినిపించాలి. అమ్మతో గొడవ పెట్టుకోకూడదు.

ఈ చివరి రెండూ ఏడున్నరకే చెడిపోయాయి.

నాన్న వంటగది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. శుక్రవారం సస్పెన్షన్ ఆర్డరు చేతికొచ్చినప్పటి నుంచీ ఆయన చోటు అదే. ఆరింటికి లేస్తాడు. గడ్డం గీసుకుంటాడు. కంపెనీ నీలం చొక్కా తొడుక్కుంటాడు. గేటు పాసు లాక్కున్నారు కాబట్టి వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు.

“ఆ చొక్కా విప్పండి,” అంది అమ్మ. “ఇంట్లో ఎవరికి డ్యూటీ చేస్తున్నారు? ఈ గిన్నెలకా?”

నాన్న కాలరు సర్దుకున్నాడు.

“మిమ్మల్నే. రిజిస్టర్లో దొంగ రాతలు రాశాడని కాగితం మీద కొట్టి చేతిలో పెట్టారు. ఒక మనిషి చావుకి కారణం మీరేనన్నారు. మీరేమో ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నారు. నోరు లేదా?”

“ఊరుకోవే. పిల్ల ఆఫీసుకెళ్లే టైము.”

“పిల్లా! పిల్ల కాదు, ఆఫీసరుగారు. వాళ్ల నాన్నని దొంగ అనే మీటింగుకి కుర్చీలు సర్దడానికి వెళ్తోంది.”

నేను పళ్లెం తెచ్చి నాన్న ముందు పెట్టాను. ఆయన పళ్లెం వైపు చూడలేదు. అల్మారా మీదున్న టిఫిన్ డబ్బా వైపు చూస్తున్నాడు. అది మాది కాదు. రేడియోది.

రేడియో అంటే నాన్నతో పాటు మా కంపెనీ భవనం ఒకదాని కింద, మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో పనిచేసిన మనిషి. కాంట్రాక్టరు పెట్టిన క్లీనరు. ఆయన చనిపోయి పంతొమ్మిది రోజులు. ఆ రోజు నాన్న వెంట తెచ్చిన ఈ డబ్బా అడగడానికి ఎవరూ రాలేదు. అమ్మ రోజూ మా గిన్నెలతో పాటు దాన్నీ కడిగి, తుడిచి, మళ్లీ అక్కడే పెడుతోంది.

“నాన్నా, ఒక్కటి చెప్పు,” అన్నాను. “ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ ఎప్పుడు ఆగిపోయింది?”

“వానలు మొదలవకముందు.”

“ఆ తర్వాత కూడా రోజూ టిక్కు పెట్టావు. నూట నలభై టిక్కులని విచారణ రిపోర్టులో రాశారు. నడవని ప్లాంటుకి టిక్కు ఎందుకు పెట్టావు?”

నాన్న నా వైపు వింతగా చూశాడు. చిన్నప్పుడు తేలిక లెక్క తప్పు చేస్తే చూసే చూపు అది.

“ప్లాంటుకి పెట్టలేదు అమ్మడూ. చూసినందుకు పెట్టాను.”

“అంటే?”

“నువ్వేగా నేర్పావు, అక్షరాలతో పాటు. కొత్త రిజిస్టరు ఇచ్చినరోజు, ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి. ‘పొద్దున్నే వెళ్లి చూడు నాన్నా, చూశాక ఈ గడిలో టిక్కు పెట్టు, ఏదన్నా తేడా ఉంటే పక్క పేజీలో రాయి’ అన్నావు. ఒక్కరోజు మానలేదు. జ్వరంలో కూడా వెళ్లి చూశాను.”

“పక్క పేజీలో రాశావా?”

“రాయకుండా ఎలా ఉంటాను? ‘గాలి లేదు’ అని రాశాను. రోజూ అదే మాట ఏం రాస్తాంలే అని తర్వాత తర్వాత ‘నిన్నటిలాగే’ అని రాశాను.”

కుక్కర్ విజిల్ వేసింది. అమ్మ స్టవ్ కట్టేసి వచ్చింది.

మా కంపెనీకి ఇరవై రెండు భవనాలు. పర్యావరణ నివేదికకి ప్లాంట్ల పట్టిక తయారుచేసింది నేనే. సైటు ఆఫీసులు రిజిస్టర్ల ఫొటోలు పంపాయి. అన్నీ టిక్కులుండే ఎడమ పేజీలే. నేను టిక్కులు లెక్కపెట్టాను. కుడి పేజీలు అడగాలని నాకు తోచలేదు. తోచలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఇరవై రెండింటిలో నూటికి నూరు వచ్చింది మా నాన్న పనిచేసే భవనానికొక్కదానికే. అది చూశాక ఇంకేమీ చూడాలనిపించలేదు.

నివేదిక అచ్చయి వచ్చిన సాయంత్రం ఆ పేజీ తెరిచి నాన్నకి చూపించాను. నూరు అంకె మీద ఆయన వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

“ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదు నాన్నా? ప్లాంటు ఆగిపోయిందిగా, నూరేంటని అడగలేదేం?”

“నాకేం తెలుసు? రోజూ మానకుండా వెళ్లినందుకు నాకేసిన మార్కులనుకున్నాను.” నాన్న తల వంచుకున్నాడు. “రేడియోకి కూడా అలాగే చెప్పాను. వాడు రోజూలాగే చేతిలో చీపురు మైకులా పట్టుకుని వార్తలు చదివాడు. ‘ముఖ్యాంశాలు. ఆపరేటరుగారికి నూటికి నూరు. ట్యాంకుకి మాత్రం గాలి లేదు’ అని.”

అమ్మ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మరుక్షణం నా మీదికి తిరిగింది.

“విన్నావుగా! ఇది వెళ్లి చెప్పు ఆ మీటింగులో.”

“చెప్పక్కర్లేదు,” అన్నాడు నాన్న.

“ఎందుకు చెప్పక్కర్లేదు? మూడుసార్లు రిపేరు స్లిప్పు రాసిచ్చారు. సైటు ఇంజనీరు సంతకాలున్న కార్బన్ కాపీలు దిండు కింద దాచుకుని నిద్రపోతున్నారు. విచారణకి పిలిచినప్పుడు అవి తీసుకెళ్లలేదేం?”

నేను నాన్న వైపు చూశాను. ఆ కాపీల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

“ఆ పట్టిక కింద పిల్ల పేరుంది,” అన్నాడు నాన్న నెమ్మదిగా. “‘తయారుచేసినది’ అని. నేను స్లిప్పులు చూపిస్తే, ఆగిపోయిన ప్లాంటుకి నూరు ఎవరేశారని అడుగుతారు. నాకింకా ఉన్నది రెండేళ్ల సర్వీసు. దానికి ముప్పై ఏళ్లు.”

“దాని ముప్పై ఏళ్ల కోసం నువ్వు హంతకుడివవుతావా?” అమ్మ ఎప్పుడూ నాన్నని నువ్వు అనదు.

తర్వాత అమ్మ లోపలికెళ్లి మూడు నీలం కాగితాలు తెచ్చింది. నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టి వేళ్లు మూసేసింది.

“నువ్వు చదువుకున్నదానివి,” అంది. అభినందనలా కాదు, తిట్టులా.

బస్సులో మూడో స్లిప్పు చదివాను. ‘గాలి లేదు. పంపు జామయింది. బురద గట్టిపడింది. దిగడం మంచిది కాదు.’ కింద సైటు ఇంజనీరు సంతకం, తేదీ, టైము తొమ్మిది ఇరవై. రేడియో పోయిన రోజే. ఈ సంతకం కోసం నాన్న పై అంతస్తులో నిలబడి ఉండగానే, పంపు వెంటనే బాగవ్వాలని కింద కాంట్రాక్టరు రేడియోని విషవాయువు నిండిన ట్యాంకులోకి దింపాడు. నాన్న కిందికొచ్చేసరికి మూత తెరిచి ఉంది. వార్తలు వినపడటం లేదు.

దిగబోయిన నాన్నని ఇద్దరు పట్టుకుని ఆపారట. ఆపినవాళ్ల మీద ఆయనకి ఇప్పటికీ కోపమే.

ఆఫీసులో సెక్రటరీ మేడమ్ నాకోసం ఎదురుచూస్తున్నారు. కంపెనీ సమావేశాలు చట్టప్రకారం జరిగాయని సంతకం పెట్టాల్సిన మనిషి ఆవిడ. నాకు పని నేర్పింది ఆవిడే. మినిట్స్‌లో విశేషణాలు రాయకూడదనీ, కోపాన్ని ‘చర్చ’ అనాలనీ, అరుపుని ‘విస్తృత చర్చ’ అనాలనీ చెప్పింది ఆవిడే.

“నాలుగో అంశం టైపు చేశావా?”

“చేశాను మేడమ్.” నేను కొట్టింది ఇది: ‘ఆపరేటరు తప్పుడు నమోదుల వల్ల ప్రమాదం జరిగినట్టు విచారణ నివేదిక తెలిపింది. ఒక తాత్కాలిక కార్మికుడు మరణించాడు. కమిటీ నివేదికను ఆమోదించింది.’ ఇంకా ఎవరూ రాని గదిలో ఆమోదం అప్పటికే జరిగిపోయింది.

“మేడమ్, మీకొకటి చెప్పాలి. ఆ ఆపరేటరు...”

“మీ నాన్న. తెలుసు. నీ ఉద్యోగం ఫారం చదివింది నేనేగా.” ఆవిడ గొంతు తగ్గించారు. “విను. సొంతవాళ్ల విషయం చర్చకొస్తే ఆ మనిషి గదిలో ఉండకూడదు. అది రూలు. నువ్వు చెప్తే బయటికి పంపాలి. చెప్పకపోతే లోపలే ఉంటావు, కలం నీ చేతిలో ఉంటుంది.”

“రాసేది మీరు చెప్పిందేగా మేడమ్. కలం నా చేతిలో ఉంటే ఏం లాభం?”

అధ్యక్షుడి గారి కుర్చీ మళ్లీ ఎండలోకి వచ్చిందని ఆవిడే జరిపారు.

పదకొండింటికి అందరూ వచ్చారు. అధ్యక్షుడు గారు రిటైరైన ఇంజనీరు, నెమ్మదస్తుడు, ఒక చెవి వినపడదు. ఎండీ గారు ఎప్పుడూ ఆయన వినపడే చెవి వైపే కూర్చుంటారు. వినపడని వైపు, కంపెనీతో ఏ సంబంధమూ లేని బయటి సభ్యురాలిని కూర్చోబెడతారు. ఆఫీసులో అందరూ ఆవిడని ప్రశ్నలావిడ అంటారు. బల్ల మధ్యలో మాకొచ్చిన గాజు అవార్డు, దాని పక్కన కుండీలో మొక్క. మొక్క ప్లాస్టిక్‌ది.

పాత మినిట్స్ మీద సంతకాలతో సహా మూడు అంశాలు పావుగంటలో అయిపోయాయి. నాలుగోది ఎండీ గారే చదివారు. “చాలా బాధాకరం. బాధ్యుడిని సస్పెండ్ చేశాం. ఆమోదిస్తే ముందుకెళ్దాం.”

“ఒక్క నిమిషం,” అన్నారు ప్రశ్నలావిడ. “ఈ రిజిస్టరు ఎవరైనా చూశారా?”

“చూశాం మేడమ్.”

“మొత్తం?”

“చూడాల్సింది చూశాం.”

“పోయిన సమావేశంలో నేను ఇదే భవనం గురించి అడిగాను. నూటికి నూరు అంటే నమ్మబుద్ధి కావట్లేదు, ఎవరైనా కిందికి దిగి చూశారా అని. గుర్తుందా?”

అధ్యక్షుడు గారు పాత మినిట్స్ తిరగేశారు. “ఉందమ్మా. ఇదిగో. ‘క్షేత్రస్థాయిలో పరిశీలించడమైనది’ అని రాసుంది. ఇందాక మీరూ సంతకం చేశారు.”

ప్రశ్నలావిడ ఆ వాక్యాన్ని చదివారు. మళ్లీ చదివారు. తన జ్ఞాపకం మీద తనకే అనుమానం వచ్చినట్టు కళ్లజోడు తీశారు.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి అందరూ తిరిగారు. మినిట్స్ రాసే అమ్మాయి మాట్లాడటం ఆ గదిలో ఎప్పుడూ లేదు.

“ఆ వాక్యం నేను టైపు చేశాను సార్. ఆ రోజు ఎవరూ పరిశీలించామని అనలేదు. ఎండీ గారు ‘చూస్తాం’ అన్నారు.”

“ఏమంది?” అన్నారు అధ్యక్షుడు గారు.

“చూస్తాం అన్నారు సార్. చూశాం అనలేదు.”

ఎండీ గారు నవ్వారు. “అక్షరం తేడా. టైపు పొరపాటు. దానికేముంది?”

“టైపు పొరపాటు కాదు సార్. అలా రాయమన్నారు, రాశాను.” సెక్రటరీ మేడమ్ వైపు చూడకుండా చెప్పాను. “ఇంకో పొరపాటు కూడా నాదే. ఆపరేటరు టిక్కు పెట్టింది ప్లాంటు నడిచిందని కాదు. రోజూ వెళ్లి చూశానని. బ్లోయర్ ఆగిపోయిందని కుడి పేజీలో రోజూ రాశారు. సైటు ఆఫీసు నాకు ఎడమ పేజీలే పంపింది. నేను కుడి పేజీ అడగలేదు. ఆయన ‘చూశాను’ నా పట్టికలో ‘నడిచింది’ అయింది. మీ ‘చూస్తాం’ నా మినిట్స్‌లో ‘చూశాం’ అయింది. చూసింది ఒక్క ఆయనే. సస్పెండయింది కూడా ఆయనే.”

ఎండీ గారు ఎంతో మర్యాదగా అడిగారు.

“ఇంత వివరంగా నీకెలా తెలుసమ్మా?”

అబద్ధం చెప్పి ఆ గదిలో ఉండిపోవచ్చు. ఆ క్షణంలో ఆ ఆలోచన రాలేదంటే అది మరో తప్పుడు నమోదు అవుతుంది.

“ఆయన మా నాన్న సార్.”

“అదీ సంగతి,” అని ఎండీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. “సార్, ఈ అమ్మాయి ఈ చర్చలో ఉండకూడదు. రూలు. ఆమె చెప్పినదేదీ రికార్డులోకి రాకూడదు.”

అధ్యక్షుడు గారు నిజంగానే నొచ్చుకున్నట్టు నా వైపు చూశారు. “రూలు రూలే కదమ్మా. కాసేపు బయట కూర్చో.”

నేను సంచిలోంచి మూడు నీలం కాగితాలు తీసి ప్రశ్నలావిడ ముందు పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు, వద్దనలేదు. నా నోటుబుక్కు సెక్రటరీ మేడమ్‌కి ఇచ్చాను. కలం కూడా. తీసుకుంటూ ఆవిడ నా ముఖంలోకి చూశారు. అది కోపమో మరొకటో తెలుసుకునేంతసేపు నన్ను నిలబడనివ్వలేదు.

గాజు తలుపు నా వెనక మూసుకుంది. లోపల పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. ప్రశ్నలావిడ మూడో స్లిప్పుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఎండీ గారు ఫోన్ తీసి ఏదో టైపు చేస్తున్నారు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

నాన్న.

నీలం చొక్కా. చేతిలో నాలుగు మడతల కాగితం. సందర్శకుల కార్డు మెడలో వేలాడుతోంది. పద్దెనిమిదేళ్లు పనిచేసిన కంపెనీలో ఆయన మెడలో సందర్శకుల కార్డు.

“నువ్వేంటి నాన్నా ఇక్కడ?”

“ఫోన్ వచ్చిందమ్మడూ. నువ్వటు వెళ్లగానే. పర్సనెల్ ఆఫీసరు చేశాడు.” నాన్న కాగితం వైపు చూసుకున్నాడు. “ఒక్క కాగితం రాసిస్తే ఇక పట్టిక జోలికి ఎవరూ పోరన్నాడు. నీ పేరు బయటికి రాదన్నాడు. ఆయనే చెప్పాడు, నేను రాసుకున్నాను. అక్షరాలు కుదిరాయో లేదో చూడు.”

చదివాను. ‘నా నిర్లక్ష్యం వల్ల ఒక తాత్కాలిక కార్మికుడు చనిపోయాడు. తప్పు నాదే.’ నేను నేర్పిన అక్షరాలు. గుండ్రంగా, గీత దాటకుండా.

“నేను లోపల అంతా చెప్పేశాను నాన్నా.”

“అంతా అంటే? నీ పేరు కూడానా?”

“నా పేరే ముందు.”

నాన్న గోడకి చెయ్యి ఆనించాడు. “ఎందుకు చెప్పావే,” అన్నాడు. “ఎందుకు చెప్పావు? నేను వస్తున్నానుగా.”

ఇంతవరకూ నాన్న నన్ను తిట్టలేదు. ఇప్పుడూ తిట్టలేదు. అలా తిట్టకపోవడం కంటే అమ్మ మాటలే నయం.

“రేడియో అని రాయలేదేం నాన్నా?” అన్నాను. నాకే తెలియకుండా వచ్చిందా మాట.

“రాశాను. మొదట రాశాను. పేర్లూ గీర్లూ వద్దు, తాత్కాలిక కార్మికుడని రాయి చాలన్నాడు. మళ్లీ రాశాను.”

వెనక గాజు తలుపు తెరుచుకుంది. ఎండీ గారి సహాయకుడు వచ్చి, నన్ను దాటి, నాన్న ముందు చెయ్యి చాచాడు. “తెచ్చావా? ఇటివ్వు. లోపల అడుగుతున్నారు.”

నాన్న ఇవ్వబోయాడు. నేను రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరం లాగలేదు. ఇద్దరం వదల్లేదు.

ఆ కాగితం ఎటు వెళ్లినా, లోపల సెక్రటరీ మేడమ్ కలం ఏం రాసినా, ఒకటి మాత్రం రాసి పెట్టుకోవచ్చు. రెండింట్లోనూ చనిపోయిన మనిషి ఒక తాత్కాలిక కార్మికుడే. నివేదికలో అంతే, మినిట్స్‌లో అంతే, చివరికి ప్రాణం పెట్టిన స్నేహితుడి చేతిరాతలో కూడా అంతే. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. నేలకింద, ఎండ తెలియని చోట, చీపురుని మైకు చేసుకుని రోజూ పొద్దున ఎనిమిదింటికి నిజమే చదివిన మనిషి ఒకడుండేవాడు. విన్నది మా నాన్న ఒక్కడే. ఆ చదివిన మనిషిని మేమంతా రేడియో అనేవాళ్లం. ఆ పేరూ, ఆయన ముఖ్యాంశమూ దయచేసి గుర్తుపెట్టుకోండి.

గాలి లేదు.